తెప్ప ఇంజిన్ విషయంలో వినకూడని సలహాలు

ఒడ్డు మీద ఇంజిన్ మొరాయించిందంటే చాలు, నిమిషంలో పది మంది పోగవుతారు. పది మందీ మేలు కోరేవాళ్ళే. ఒకడు ప్లగ్గు విప్పమంటాడు, ఒకడు తాడు గట్టిగా లాగమంటాడు, ఇంకొకడు తన బావమరిది బోటుకి ఇలాగే అయితే ఏం చేశాడో చెబుతాడు. ముక్కాం, చేపలకంచేరు, కొంగవానిపాలెం, చింతపల్లి, ఎక్కడైనా ఇదే తంతు. అందులో మంచి మాటలూ ఉంటాయి. కానీ కొన్ని సలహాలు ఏళ్ళ తరబడి నోటినుంచి నోటికి తిరుగుతూ ఇంజిన్లను పాడుచేస్తున్నాయి. కొన్నయితే మనుషుల ప్రాణాల మీదికే తెస్తున్నాయి. వాటిని ఒక్కచోట పెట్టి, ఎందుకు వినకూడదో, బదులు ఏం చెయ్యాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మన తీరం సంగతి చూడాలి. విజయనగరం జిల్లాకు ఉన్న తీరం 28 కిలోమీటర్లే, అదీ భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. ఇక్కడి తెప్పలకు హార్బర్ ఆసరా లేదు. తెప్పను ఇసుక మీంచి నెట్టాలి, కెరటం దాటించాలి, తిరిగొచ్చాక మళ్ళీ కెరటం మీదుగా తెచ్చి ఇసుక మీదికి లాగాలి. ఇంజిన్ కంపెనీవాళ్ళు పుస్తకం రాసేటప్పుడు జెట్టీకి కట్టిన బోటును మనసులో పెట్టుకుంటారు. పోతున్నప్పుడోసారి, వస్తున్నప్పుడోసారి ఇసుక నీళ్ళు తాగే ఇంజిన్ గురించి వాళ్ళ పుస్తకంలో పెద్దగా ఉండదు. మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఈ ఇబ్బందిని గుర్తించింది. తూర్పు తీరం కోసం ఇసుక మీదికి ఎక్కే బోట్లను, వాటికి పైకి లేపుకునే షాఫ్టును, గాలితో చల్లారే డీజిల్ ఇంజిన్‌ను తయారు చేయించి పరీక్షించింది. అంటే మన ఒడ్డుకు మన జాగ్రత్తలే కావాలని అప్పుడే తేలింది.

చెడ్డ సలహా ఇన్నేళ్ళు ఎలా బతికిందంటే, అది అప్పటికి పనిచేస్తుంది కాబట్టి. పిన్ను చోట మేకు పెట్టినా ప్రొపెల్లర్ తిరుగుతుంది. ఫ్యూజు చోట రాగి తీగ చుట్టినా దీపం వెలుగుతుంది. చెప్పినవాడు శభాష్ అనిపించుకుని వెళ్ళిపోతాడు. దాని ఖరీదు మూడు నెలలకో ఆరు నెలలకో, అదీ ఒడ్డుకు చాలా దూరంలో చెల్లించాల్సి వస్తుంది. అప్పటికి ఆ సలహా ఎవరికీ గుర్తుండదు, ఇంజిన్‌దే తప్పంటారు. అందుకని ఎవరు ఏ చిట్కా చెప్పినా నేను ఒకటే అడుగుతాను: చీకట్లో తిరిగొచ్చేటప్పుడు, వెనక కెరటం లేస్తున్నప్పుడు, ఈ పని నిలుస్తుందా?

"ఎండలో ఎట్టీ మావా, రెండ్రోజుల్లో ఆరిపోద్ది"

అన్నిటికంటే ఎక్కువ ఇంజిన్లను చంపిన సలహా ఇదే. కెరటంలో తెప్ప బోల్తా పడి ఇంజిన్ మునుగుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పటిలాంటి తుఫాను రోజుల్లో ఒడ్డున ఉన్నవి కూడా నీళ్ళూ ఇసుకా కప్పుకుపోతాయి. పైకి తీస్తారు, మూత విప్పి ఎండలో పెడతారు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది, తడిసినదాన్ని ఆరబెట్టాలి కదా అని.

నిజానికి నీళ్ళలో ఉన్నంతసేపూ ఇంజిన్‌కు జరిగే నష్టం తక్కువ. పైకి తీసి గాలి తగలనిచ్చిన క్షణం నుంచి అసలు నష్టం మొదలవుతుంది. ఉప్పు, తేమ, గాలి, మూడూ కలిసిన చోట బేరింగుల మీద, సిలిండర్ గోడ మీద, క్రాంకు మీద గంటల్లోనే తుప్పు పట్టడం మొదలవుతుంది. ఎండ నీటిని తీసుకుపోతుంది గానీ ఉప్పును లోపలే వదిలేస్తుంది. రెండు రోజులు ఆరిన ఇంజిన్ ఒక్కోసారి తిరుగుతుంది కూడా. ఆ తిరగడం చూసే అందరూ మోసపోతారు. ఉప్పు గింజలతో, తుప్పు పొడితో తిరిగిన బేరింగు ఆ సీజన్ దాటదు.

చెయ్యాల్సిన పని ఇది. పైకి తియ్యగానే మంచినీళ్ళతో లోపలా బయటా కడగాలి. ఉప్పు తగిలే బోరు నీళ్ళు వద్దు, ట్యాంకరు నీళ్ళో పంచాయతీ కుళాయి నీళ్ళో కావాలి. ప్లగ్గులు విప్పి, ప్లగ్గు రంధ్రాలు కిందికి వచ్చేలా ఇంజిన్‌ను పడుకోబెట్టి, తాడును మెల్లగా లాగుతూ లోపలి నీళ్ళన్నీ కక్కించాలి. మెల్లగా అన్న మాట మర్చిపోవద్దు. తిరుగుతుండగా మునిగిన ఇంజిన్ అయితే నీళ్ళను నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉండొచ్చు. ఎక్కడైనా పట్టేసినట్టు తోస్తే అక్కడితో ఆపి మెకానిక్కుకు చూపించాలి, బలం పెట్టకూడదు. పట్టెయ్యకపోతే కార్బురేటర్ గిన్నెను ఖాళీ చేసి, పాత పెట్రోలు పారబోసి, ప్లగ్గు రంధ్రాల్లో టూ స్ట్రోక్ నూనె పోసి, పదిసార్లు తిప్పి, కొత్త ప్లగ్గులు బిగించి, మంచినీళ్ళ డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చెయ్యాలి. పట్టాక కనీసం అరగంట తిరగనివ్వాలి. ఆ వేడికే మూలల్లో దాగిన తేమ పోతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, డీజిల్ ఇంజిన్ అయితే ఇంజిన్ ఆయిల్ మార్చి, కొంచెంసేపు తిప్పి, మళ్ళీ మార్చాలి. ఒక్కసారి మారిస్తే సరిపోదు.

మెకానిక్కు భీమిలి నుంచో విశాఖ నుంచో రావాలి, రేపటిదాకా రాలేనన్నాడనుకోండి. అప్పుడు ఇంజిన్‌ను మంచినీళ్ళ డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచండి. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు విడ్డూరంగా చూస్తారు. కానీ గాలికి దూరంగా, ఉప్పు లేని నీళ్ళలో ఉన్న ఇంజిన్ రేపటిదాకా ఆగగలదు. ఎండలో ఉన్నది ఆగలేదు.

"రెండు నిమిషాలు ఒట్టిగా తిప్పితే ఏటవుద్ది"

ఔట్‌బోర్డ్ ఇంజిన్ కింది కాలులో నీళ్ళు తోడే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, ఇంపెల్లర్ అంటారు. దాని రెక్కలకు నీళ్ళే కందెన. ఇసుక మీద, నీళ్ళు లేకుండా ఇంజిన్ పట్టిందో లేదో చూద్దామని తిప్పితే ఆ రెక్కలు రాపిడికే మాడిపోతాయి, దానికి నిమిషం కూడా పట్టదు. మాడిన రబ్బరు ముక్కలు పైపుల్లోకి పోయి అడ్డం పడతాయి. తర్వాత కొత్త ఇంపెల్లర్ వేసినా ఆ ముక్కలు తియ్యకపోతే ఇంజిన్ వేడెక్కుతూనే ఉంటుంది. ఇంపెల్లర్ మార్చాను, అయినా వేడి తగ్గలేదు అని వచ్చేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

ఇంజిన్ పక్కనుంచి సన్నటి నీటి ధార రావాలి. స్టార్ట్ చేసిన వెంటనే కళ్ళు అటే పోవాలి. ధార రాకపోతే ఇంజిన్ ఆపి, ముందు ఆ రంధ్రాన్ని వల నైలాన్ దారంతో పొడిచి చూడండి. చాలాసార్లు అక్కడ ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి, పంపు బాగానే ఉంటుంది. ఇనుప తీగ వాడొద్దు, లోపలి ప్లాస్టిక్ గొట్టం చిరుగుతుంది. రంధ్రం శుభ్రంగా ఉన్నా ధార లేకపోతే ఇంపెల్లర్ చూడాల్సిందే. మన దగ్గర ఇంపెల్లర్‌ను ఏడాదికోసారి, వేట నిషేధం రోజుల్లో మార్చేయడం మంచిది. రెక్కలు విరగకపోయినా ఒకవైపు వంగి గట్టిపడి ఉంటే దాని పని అయిపోయినట్టే.

రోజూ వేట నుంచి వచ్చాక మంచినీళ్ళ డ్రమ్ములో పది నిమిషాలు తిప్పడం అన్ని పనుల్లోకీ పెద్ద పని. మన ఊళ్ళలో తాగడానికే నీళ్ళ కటకట ఉన్న రోజులుంటాయి, నాకు తెలుసు. రోజూ కుదరకపోతే ఒకే డ్రమ్ము నీళ్ళు నాలుగు తెప్పలవాళ్ళు వంతులవారీగా వాడుకోండి. కొంచెం ఉప్పెక్కిన నీళ్ళయినా సముద్రపు నీళ్ళకంటే నయమే. మత్స్యకార సొసైటీలు వలలకూ ఐసుకూ ఖర్చు పెడుతున్నాయి. ఒడ్డున ఒక సింటెక్స్ ట్యాంకు, రెండు డ్రమ్ములు పెడితే అంతకంటే ఎక్కువ మిగులుతుంది.

వేడెక్కిన ఇంజిన్ మీద సముద్రపు నీళ్ళు కొట్టమని కూడా చెబుతారు. కొట్టొద్దు. కాలిన హెడ్డు మీద చల్లటి నీళ్ళు పడితే పగులుతుంది. ఆపి, మూత తీసి, దానంతటదే చల్లారనివ్వాలి.

"పిన్ను పోతే మేకు కొట్టీ"

చిన్న ఔట్‌బోర్డులకు ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచేది ఒక చిన్న మెత్తటి పిన్ను. ప్రొపెల్లర్ రాయికో దుంగకో తగిలితే ఆ పిన్ను తెగాలి. తెగడానికే దాన్ని మెత్తగా చేశారు. దాని చోట ఉక్కు మేకో బోల్టు ముక్కో పెడితే ఆ దెబ్బ నేరుగా గేర్ల మీద పడుతుంది. పిన్ను ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది, గేరు పెట్టె ఖరీదు వేలల్లో ఉంటుంది. మేకు పెట్టిన తెప్పలో గేరు పళ్ళు విరిగితే ఇక తెడ్డే గతి. నాలుగు అసలు పిన్నులు, ఒక కట్టింగ్ ప్లయరు, స్ప్లిట్ పిన్ను మూత కింద టేపుతో అంటించి ఉంచుకోండి.

ప్రొపెల్లర్ విప్పినప్పుడు దాని వెనక షాఫ్టు మీద చూడండి. వల దారం చుట్టుకుని ఉంటుంది, బయటికి కనపడదు. అది సీలును కోసుకుంటూ లోపలికి పోతుంది. సీలు తెగితే గేరు ఆయిల్ బయటికి, ఉప్పు నీళ్ళు లోపలికి. దీన్ని పట్టుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. రాత్రంతా ఇంజిన్‌ను నిలబెట్టి ఉంచి, పొద్దున్నే కింది స్క్రూను కొద్దిగా వదులు చెయ్యండి. నీళ్ళు నూనెకంటే బరువు కాబట్టి లోపల నీళ్ళుంటే ముందు అవే కారతాయి. నూనె మజ్జిగలా తెల్లగా వచ్చినా అర్థం అదే. "కొంచెం నీళ్ళే కదా, ఈ సీజన్ లాగించెయ్" అనేవాడి మాట వినొద్దు. గేర్లు తెల్లటి ఆయిల్‌లో ఎక్కువ కాలం బతకవు.

నూనె పాళ్ళ గురించి

రెండు రకాల చెడ్డ సలహాలున్నాయి. నూనె ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు బలం అని ఒకరు, తగ్గిస్తే పొగ రాదు, డబ్బు మిగులుతుందని ఇంకొకరు. పెట్రోల్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డుల్లో చాలావాటికి 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పది లీటర్ల క్యానుకు 200 మిల్లీలీటర్లు. కొత్త ఇంజిన్‌కు మొదటి గంటల్లో ఇంకా ఎక్కువ కావాలి. కిరోసిన్ మోడళ్ళకు పాళ్ళు వేరుగా ఉండొచ్చు. ఏ ఇంజిన్‌కు ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది, అదే కొలత. ఎక్కువైతే ప్లగ్గు మసిబారి, సరిగ్గా కెరటం మధ్యలో ఆగుతుంది. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. కంటిచూపుతో, సీసా మూతతో కొలవొద్దు. మందుల షాపులో దొరికే కొలత గ్లాసు చాలు. నూనె కూడా టీసీ-డబ్ల్యూ3 అని డబ్బా మీద రాసి ఉన్న మెరైన్ నూనే కావాలి. మోటారుసైకిల్ నూనె, అంతకంటే ఘోరం వాడేసిన ఇంజిన్ ఆయిల్, పొయ్యొద్దు.

కిరోసిన్ మీద నడిచే ఇంజిన్లవాళ్ళకు ఒక్క మాట. "పెట్రోలు దండగ, నేరుగా కిరోసిన్ మీదే లాగు" అంటారు. చల్లటి ఇంజిన్‌లో కిరోసిన్ ఆవిరి కాదు. బలవంతాన పట్టినా గొంతు సరిగ్గా రాదు, కెరటంలో నోరు మూస్తుంది. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, కెరటం దాటి, ఇంజిన్ వేడెక్కాక కిరోసిన్‌కు మార్చండి. తిరిగొచ్చేటప్పుడు కెరటంలోకి రాకముందే మళ్ళీ పెట్రోలుకు మార్చండి. అలా చేస్తే కార్బురేటర్‌లో పెట్రోలు మిగిలి మర్నాడు స్టార్టింగూ తేలికవుతుంది. రోజుకు ఆ పెట్రోలు కొద్దిపాటిదే. అక్కడ ఆదా చెయ్యబోయి తెప్పను కెరటానికి అడ్డంగా తిప్పుకున్నవాళ్ళను మన ఒడ్డున అందరూ చూశారు.

డీజిల్ ఇంజిన్ దగ్గర రెండు ప్రమాదాలు

డీజిల్ ఇంజిన్ ఆగిందంటే నూటికి తొంభైసార్లు డీజిల్‌లో నీళ్ళో గాలో కారణం అని పాత డ్రైవర్లు చెబుతారు. ఆ లెక్క ఎంతవరకు నిజమో గానీ, వెతకడం అక్కడినుంచే మొదలుపెట్టాలన్నది నిజం. హైవే మీద బంకు నుంచి క్యానుల్లో తెచ్చి, మూత సరిగ్గా పెట్టక, తుంపర్లలో ట్యాంకులో పోస్తాం. అనుమానం ఉంటే గాజు సీసాలో కొంచెం డీజిల్ పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్ళు అడుక్కు దిగి గీత గీసినట్టు కనిపిస్తాయి. గుడ్డలో వడకడితే చెత్త పోతుంది గానీ నీళ్ళు పోవు. ట్యాంకు అడుగున నీళ్ళు వదిలే కొళాయి, ఇంజిన్‌కు ముందు నీళ్ళు వేరుచేసే ఫిల్టరు, ఈ రెండూ ఉండాలి.

మొదటి ప్రమాదం: ఇంజిన్ పట్టకపోతే గాలి పీల్చే చోట పెట్రోలు పొయ్యమనడం. డీజిల్ ఇంజిన్‌లో ఒత్తిడి చాలా ఎక్కువ, పెట్రోలు వేళకాని వేళ పేలుతుంది. రింగులు విరుగుతాయి, మంట బయటికి ఎగదన్ని చెయ్యి కాలుతుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపుతో బుడగలు ఆగేదాకా గాలి తియ్యడమే దారి. బుడగలు ఆగాక బిగించి, అప్పుడు హ్యాండిల్ తిప్పాలి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి, చుట్టూ పెట్టొద్దు. ఇంజిన్ వెనక్కి తన్నితే ముందు విరిగేది ఆ వేలే.

రెండోది ఇంకా చెడ్డది. "ఇంజెక్టర్ కొడుతోందో లేదో వేలు అడ్డం పెట్టి చూడు" అంటారు. ఇంజెక్టర్ నుంచి వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ఒత్తిడితో వస్తుంది. పైకి చిన్న చుక్క గాయమే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. లోపల డీజిల్ కండలోకి పాకుతుంది. గంటలు ఆలస్యం చేస్తే వేలు తియ్యాల్సి వస్తుంది, ఒక్కోసారి చెయ్యే పోతుంది. అలా జరిగితే పసుపు రాసి ఊరుకోకుండా అప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు విడమరిచి చెప్పాలి.

బ్యాటరీ, వైర్లు

ఇదివరకు తెప్పకు కరెంటుతో పనిలేదు. ఇప్పుడు దీపం, జీపీఎస్, చేపలు చూపే సోనార్, ఫోన్ ఛార్జింగ్, వాటితోపాటు ట్రాన్స్‌పాండర్. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం కింద తీర రాష్ట్రాల్లో లక్ష పడవలకు ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండర్లు పెట్టాలని తలపెట్టారు. ఆపదలో మీట నొక్కితే ఒడ్డుకు కబురు చేరాలి. కానీ కరెంటు లేకపోతే ఆ పెట్టె ఎందుకూ కొరగాదు. అందుకని తెప్పలో వైరింగును ఇంజిన్‌తో సమానంగా చూసుకోవాలి.

"బ్యాటరీ దిగిపోతే కొంచెం యాసిడ్ పొయ్యి" అనే మాట ఊరూరా వింటాం. బ్యాటరీలోంచి ఆవిరయ్యేది నీళ్ళు, యాసిడ్ కాదు. పైన యాసిడ్ పోస్తే గాఢత పెరిగి పలకలు తినేస్తుంది. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. మినరల్ వాటర్ బాటిల్ నీళ్ళు కూడా పనికిరావు, వాటిలో లవణాలుంటాయి.

"రెండు కొసలూ తాకించి నిప్పురవ్వ వస్తోందేమో చూడు" అనేది దీనికంటే ప్రమాదం. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, రవ్వ తగిలితే బ్యాటరీ పేలి యాసిడ్ ముఖాన పడుతుంది. పైగా నిప్పురవ్వ చూసి బ్యాటరీలో ఎంత ఛార్జి మిగిలిందో తెలియదు. కొన్ని వందల రూపాయలకు మల్టీమీటర్ వస్తుంది. ఏమీ నడపకుండా కొన్ని గంటలు ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12కు దిగువైతే దాదాపు ఖాళీ. సగానికి దిగువకు మాటిమాటికీ దించితే బ్యాటరీ ఆయుష్షు పడిపోతుంది. లెక్క వేసుకోండి: దీపం ఒక ఆంపియర్, సోనార్ ఒక ఆంపియర్ తీసుకుంటే పన్నెండు గంటల వేటకు 24 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీతో ఆ పని చేయిస్తే రోజూ మూడింట రెండొంతులు పిండుతున్నారు. ఎవరో అమ్మిన కారు పాత బ్యాటరీ ఆ పనికి అసలు తగదు.

బ్యాటరీని తెప్ప అడుగున, నీళ్ళు చేరే చోట పెట్టొద్దు. ఉప్పు నీళ్ళు బ్యాటరీలోకి చేరితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు విషం. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, ఎత్తుగా, బెల్టుతో కట్టి, గాలి ఆడేలా పెట్టాలి. పెట్రోలు క్యాను, గ్యాస్ స్టవ్ దాని పక్కన ఉండకూడదు. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు అంటుకుని దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. బోట్లలోని డీజిల్, గ్యాస్ సిలిండర్లు ఆ మంటను ఎలా పెంచాయో చూసినవాళ్ళు మర్చిపోలేరు.

వైర్ల సంగతి దగ్గరగా చూడాలి. రెండు కొసలు మెలేసి టేపు చుట్టిన అతుకు ఒకటి తీసుకుని, టేపు విప్పండి. లోపల జిగురు కరిగి, తీగ పచ్చగా మారి ఉంటుంది. ఇప్పుడు బ్లేడుతో వైరు తొడుగును అతుకు నుంచి జానెడు దూరం దాకా చీల్చండి. ఎర్రగా ఉండాల్సిన రాగి నల్లగా, పొడిపొడిగా కనిపిస్తుంది. ఉప్పు తేమ తొడుగు లోపల పోగుల వెంట పాకిపోయింది. బయటినుంచి చూస్తే వైరు కొత్తగానే ఉంటుంది, మీటరు పెడితే వోల్టేజీ కూడా చూపిస్తుంది. దీపం వేసేసరికి పడిపోతుంది. అందుకే తగరం పూత ఉన్న మెరైన్ వైరు కావాలి, అతుకుకు లోపల జిగురు ఉన్న, వేడికి ముడుచుకునే గొట్టం కావాలి. అన్నిటికంటే మంచిది అసలు మధ్యలో అతుకే లేకుండా చూసుకోవడం.

సన్న వైరు వేసి పెద్ద దీపం పెట్టమనే సలహాకు లెక్కే జవాబు. 12 వోల్టుల మీద 60 వాట్ల దీపం 5 ఆంపియర్లు లాగుతుంది. అయిదు మీటర్ల దూరానికి పోనూ రానూ పది మీటర్ల వైరు. చదరపు మిల్లీమీటరున్నర రాగి వైరయితే దారిలోనే 0.6 వోల్టు పోతుంది. అడ్డుకోత వైశాల్యం అందులో సగమే ఉన్న వైరయితే 1.2 వోల్టులు పోతాయి. ఇంట్లో 230 వోల్టులకు సరిపోయిన వైరు ఇక్కడ ఎందుకు చాలదో దీన్నిబట్టి తెలుస్తుంది. వైరు మందం పెంచండి, లేదా తక్కువ వాట్ల ఎల్‌ఈడీ దీపం పెట్టండి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సిగరెట్ పెట్టెలోని మెరుపు కాగితం చుట్టే పని దయచేసి మానండి. ఫ్యూజు పోవడం అంటే ఎక్కడో వైరు కాలబోతోందని. ఆ చోటు వెతకాలి. ఫ్యూజును బ్యాటరీ ప్లస్ కొసకు జానెడు దూరంలోనే పెట్టాలి, లేకపోతే ఆ మధ్య వైరుకు రక్షణ ఉండదు.

ఇంజిన్ కాలికి అంటించి ఉండే జింకు దిమ్మ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అదీ కరెంటు కథే. సముద్రపు నీళ్ళలో రెండు రకాల లోహాలు కలిసి ఉంటే వాటి మధ్య కరెంటు పారి బలహీనమైన లోహం కరుగుతుంది. జింకు తాను కరిగి అల్యూమినియం కాలును కాపాడుతుంది. "గరుకుగా ఉంది, రంగు వేసెయ్" అని చెప్పినవాడు మేలు చేశాననుకుంటాడు. రంగు వేస్తే జింకు పని ఆగిపోయి, ఇంజిన్ కాలు కరగడం మొదలవుతుంది. సగం కరిగితే కొత్తది బిగించండి.

వేట నిషేధం రోజులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. "ఎలాగూ నడపం కదా, తార్పాలిన్ కప్పి వదిలెయ్" అంటారు. ఆ రెండు నెలల్లో ఇసుక వేడికి, ఉప్పు గాలికి పాడయ్యే ఇంజిన్లు చాలా ఉంటాయి. ఆఖరి వేట అయిన రోజే మంచినీళ్ళతో కడిగి, కార్బురేటర్ ఖాళీ చేసి, సిలిండర్లో నూనె పోసి తిప్పి, గేరు ఆయిల్ మార్చి, ఇంజిన్‌ను నిటారుగా నీడలో పెట్టాలి. పడుకోబెడితే లోపల మిగిలిన నీళ్ళు సిలిండర్‌లోకి జారొచ్చు. డీజిల్ ట్యాంకును మాత్రం నిండుగా ఉంచాలి, ఖాళీ ట్యాంకు గోడలకు తేమ పడుతుంది. బ్యాటరీని ఇంటికి తీసుకెళ్ళి నెలకోసారి ఛార్జ్ చెయ్యాలి.

నిషేధం రోజుల భృతి 2025లో 20,000 రూపాయలయింది, ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ఇచ్చారు. అది కుటుంబం తిండికి ఇచ్చే డబ్బు, దాన్ని ఇంజిన్‌కు పెట్టమని నేను చెప్పను. కానీ సమయం మాత్రం ఇంజిన్‌కు ఇవ్వండి. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్ శాఖ ఉంది, బోటు ఇంజిన్లు నడిపేవాళ్ళకూ బాగుచేసేవాళ్ళకూ ఏళ్ళుగా అక్కడ శిక్షణ ఇస్తున్నారు. పదో తరగతి అయిన పిల్లలు మన ఊళ్ళలో చాలామంది గుజరాత్‌లోని వేరావల్ బోట్లకు కూలికి పోతున్నారు. వాళ్ళలో ఊరికి ఒక్కరైనా ఈ పని నేర్చుకుంటే ఒడ్డున పది మంది చెప్పే పది మాటల్లో ఏది నిజమో తేల్చేవాడు ఊళ్ళోనే ఉంటాడు.

"లంగరు బరువు, దింపీ"

ఆఖరిది ఇంజిన్ సలహా కాదు. కానీ ఇంజిన్ మీద అతి నమ్మకం వల్ల పుట్టింది. తెరచాప, తెడ్లు, లంగరు తాడు బరువని ఒడ్డున వదిలేస్తారు. ఇంజిన్ ఆగిన తెప్ప నీటి వాలును బట్టి పోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీళ్ళు ఉత్తరం వైపు, ఒడిశా దిక్కుకు లాగుతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి లాగుతాయి. లంగరు పడితే తెప్ప ఉన్నచోటే ఉంటుంది, వెతికేవాళ్ళకు దొరుకుతుంది. 20 మీటర్ల లోతుకు 100 మీటర్ల తాడు కావాలి. తక్కువైతే లంగరు పట్టదు, ఈడ్చుకుపోతుంది.

ఔట్‌బోర్డులకు ఉండే ఆపుడు తాడును, అంటే డ్రైవర్ మణికట్టుకు కట్టుకునేదాన్ని, అడ్డమని క్లిప్పు పెట్టి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. కెరటంలో డ్రైవర్ పడిపోతే ఇంజిన్ ఆగకుండా తెప్ప గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. కట్టుకోండి.

తెప్పలో ఒక మూత డబ్బా ఉండాలి. అందులో రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా, పిన్నులు, ఇంపెల్లర్, స్టార్టింగ్ తాడు, ఫ్యూజులు, రెండు మీటర్ల వైరు, ప్లయరు, ఛార్జి చేసిన టార్చి. సెల్‌ఫోను ఉందిలే అనుకోవద్దు, కొంత దూరం పోయాక సిగ్నల్ ఉండదు. వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే ఆపదకు 16వ ఛానల్. సిగ్నల్ ఉన్నచోట కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసు 1093. ఈ రెండు నంబర్లూ, తెప్ప రిజిస్ట్రేషన్ నంబరూ ఇంజిన్ మూత లోపలివైపు పెయింటుతో రాసి పెట్టండి. చీకట్లో, తడి చేతులతో, ఇంజిన్ ఆగిపోయినప్పుడు ఎవరైనా మొదట తెరిచేది ఆ మూతనే.